నేర్చిన విద్యకు పదవీ విరమణ లేదు

మన బెళుగుప్ప వంటి ఊళ్లలో చదువుకున్న బిడ్డ ఊరు విడిచి వెళ్లడం కొత్త సంగతి కాదు. ఏడాది మొత్తానికి యాభై అయిదు సెంటీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే సీమ మనది. ఆ వాన కూడా వేరుశనగ విత్తిన తర్వాత ముఖం చాటేస్తుంది. అందుకే ఉన్న రెండెకరాలు కుదువబెట్టి అయినా తల్లిదండ్రులు బిడ్డను చదివిస్తారు. ఆ బిడ్డ ఇంజినీరో, నర్సో, ఉపాధ్యాయుడో, బ్యాంకు ఉద్యోగో అయి ముప్పై ఏళ్లు ఎక్కడెక్కడో పని చేస్తాడు. ఒకనాటి సాయంత్రం పూలదండ వేసి, శాలువ కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపుతారు. మర్నాడు ఉదయం ఆఫీసు తలుపు తీసేవారు వేరే ఉంటారు. కుర్చీ మరొకరిది అయిపోతుంది. మరి ఆ ముప్పై ఏళ్లలో చేతికి, కంటికి, బుద్ధికి పట్టుబడిన నేర్పు ఎవరిది? అది కుర్చీతోపాటు అక్కడే ఉండిపోతుందా? ఇంటికి తెచ్చుకుని బీరువాలో పెట్టి తాళం వేసుకోవలసిన సొత్తా? లేక దానికి వేరే హక్కుదారులు ఎవరైనా ఉన్నారా?

ఈ ప్రశ్నకు తన బ్రతుకుతోనే జవాబు చెప్పిన ఒక మనిషిని గురించి ఈ వారం మీతో ముచ్చటించాలని ఉంది. ఆయన పేరు మీ అందరికీ తెలుసు. ఏటా సెప్టెంబర్ 15న మన దేశం ఇంజినీర్ల దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజునే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య కట్టిన ఆనకట్టలను గురించి పాఠ్యపుస్తకాల్లో పిల్లలు చదువుతూనే ఉన్నారు. కాని ఆయన నలభై ఎనిమిదవ ఏట ఒకసారి, యాభై ఎనిమిదవ ఏట మరొకసారి ఉద్యోగం వదిలేశారనీ, ఆయన బ్రతుకులో సగానికి పైగా విరమణ తర్వాతిదేననీ మనం అంతగా గమనించం.

పెన్న పుట్టిన కొండల చెంత

విశ్వేశ్వరయ్య 1860లో ముద్దెనహళ్లి అనే పల్లెలో జన్మించారు. మన హిందూపురం అవతల, ఇప్పటి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లాలో, నంది కొండల చెంత ఉంది ఆ ఊరు. ఆ కొండల ప్రాంతంలో పుట్టిన పెన్నానదే హిందూపురం వైపు నుండి మన సీమలోకి ప్రవేశిస్తుంది. ఎక్కువ కాలం ఇసుకతోనే కనబడే ఆ నదిని, ఆ ఎర్ర నేలను, ఆ చెరువు కట్టలను చూస్తూ పెరిగినవాడాయన. ఇంటిపేరులోని మోక్షగుండం గిద్దలూరు సమీపంలోని ఊరు. అక్కడి నుండి మైసూరు సీమకు తరలివెళ్లిన తెలుగు కుటుంబం వారిది.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో మేనమామ ఆదరణలో ఉంటూ, ఒక ఇంటి పిల్లలకు పాఠాలు చెప్పి ఆ డబ్బుతో చదువు సాగించారు. 1881లో సెంట్రల్ కాలేజీలో బి.ఏ. పూర్తి చేశాక పుణేలో ఇంజినీరింగు చదవడానికి మైసూరు ప్రభుత్వం ఉపకార వేతనం ఇచ్చింది. 1883లో ఆయన పరీక్షల్లో ప్రథమ స్థానంలో నిలిచారు.

ఆ ఉపకార వేతనం దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. అది మహారాజు జేబులోనుంచి వచ్చిన డబ్బు అని చెప్పుకుంటాం గాని, నిజానికి మైసూరు రైతు కట్టిన శిస్తు అది. అంటే బడి మొహం ఎరుగని వేలాదిమంది కలిసి ఒక కుర్రవాణ్ణి చదివించారన్నమాట. మన చదువులూ అంతే కదా! మనం కట్టిన ఫీజు కంటె, మనకు తెలియనివారు మన కోసం కట్టినదే ఎక్కువ.

మొదటి విరమణ, మూసీ వరద

1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజినీరుగా చేరి, ఇరవై నాలుగేళ్లు పని చేశారు. పుణే దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి వరద వచ్చినప్పుడు వాటంతట అవే తెరుచుకునే తలుపులను అమర్చినది ఆయనే. దక్కను కాలువల కింద నీటిని వంతులవారీగా, ఎక్కువమందికి అందేలా పంచే పద్ధతిని ప్రవేశపెట్టినదీ ఆయనే. అయినా ఆ రోజుల్లో అతి పెద్ద పదవులు తెల్లవారికే దక్కేవి. ఆ గోడ తనకోసం కదలదని గ్రహించి 1908లో ఉద్యోగానికి స్వస్తి చెప్పి, విదేశాలు చూడడానికి బయలుదేరారు.

ఆ ఏడాదే సెప్టెంబర్ 28న హైదరాబాదు మీద ఆకాశం విరుచుకుపడింది. మూసీ ఊరిమీదికి వచ్చింది. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బ్రతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నిలిచి, ఆ రాత్రిని తరతరాలకు జ్ఞాపకం చేస్తూ వచ్చింది. నిజాం ప్రభుత్వం విదేశాల్లో ఉన్న విశ్వేశ్వరయ్యకు కబురు పంపింది. 1909లో ఆయన హైదరాబాదు చేరారు.

ఇక్కడ ఆయన చేసిన మొదటి పని ఏమిటో చూడండి. సలహా చెప్పడం కాదు, లెక్కపెట్టడం. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల పరివాహక ప్రాంతంలో ఎన్ని చెరువులు ఉన్నాయో లెక్క తీయించారు. 788 చెరువులు తేలాయి. దాదాపు చదరపు మైలుకు ఒకటి చొప్పున. ఆ వానకు వాటిలో 221 తెగిపోయాయి. పై చెరువు తెగి కింది చెరువు మీద పడింది. అది తెగి దాని కింది చెరువు మీద పడింది. అలా గొలుసులా తెగిన నీరంతా ఒక్కటై నగరం మీదికి వచ్చింది. కాబట్టి అది వాన చేసిన ఉపద్రవం మాత్రమే కాదు, తట్టుకోలేని కట్టలు చేసిన ఉపద్రవం కూడా.

చెరువుల కింద బ్రతికే మనకు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు. వంకలో కంప పెరిగి, మరువ పూడిపోయి, కట్టకు గండి పడబోతున్నప్పుడు దాన్ని ముందుగా చూసి చెప్పగల కన్ను ఒక్కటి ఊళ్లో ఉంటే ఎంత నష్టం తప్పుతుందో మీకే తెలుసు.

నగరానికి ఎగువన రెండు నదుల మీద రెండు జలాశయాలు కట్టాలనీ, నది ఒడ్లను గట్టిపరచాలనీ, మురుగు కాలువలు వేయాలనీ ఆయన నివేదిక ఇచ్చారు. నిర్మాణం ఇతర ఇంజినీర్ల చేతులమీదుగా సాగింది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి తలపెట్టిన ఆ జలాశయాలే హైదరాబాదుకు తాగునీరు కూడా ఇచ్చాయి. చంపిన నీటినే దాహం తీర్చే నీరుగా మార్చడమంటే అదే!

ఆ పనికి ఆయన జీతం తీసుకున్నారు. అందులో తప్పేమీ లేదు. విరమణ పొందినవాడు చేసే ప్రతి పనీ ఉచితంగానే ఉండాలన్న నియమమూ లేదు. కాని బొంబాయిలో నేర్చినది బొంబాయి ఉద్యోగంతో ముగిసిపోలేదనీ, అది అవసరం ఉన్న చోటికి నడిచి వెళ్లగలదనీ ఆయనకు తెలిసినది ఇక్కడే అనుకోవచ్చు.

దివాను పదవి, ఒక మచ్చ

1909 చివర మైసూరు చీఫ్ ఇంజినీరుగా, 1912 నుండి దివానుగా ఆయన చేసిన పనులు సుప్రసిద్ధం. కావేరి మీద కృష్ణరాజసాగరం పని 1911లో మొదలైంది. మైసూరు విశ్వవిద్యాలయం 1916లో వెలసింది. వాటి గురించి ఎక్కువ చెప్పను. అవి అధికారంలో ఉండగా చేసిన పనులు. మనం మాట్లాడుకుంటున్నది అధికారం పోయిన తర్వాతి సంగతి.

అయితే ఆ అధికారం ఎందుకు పోయిందో చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. 1918లో మహారాజు వెనుకబడిన కులాలవారికి ప్రభుత్వోద్యోగాల్లో చోటు కల్పించే మార్గాలు సూచించమని లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. ప్రతిభ ఒక్కటే కొలబద్దగా ఉండాలని నమ్మిన విశ్వేశ్వరయ్య దీన్ని ఒప్పుకోలేక పదవి వదులుకున్నారు. ఆయన చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. కాని ఈ విషయంలో ఆయన చూపు చాలలేదనే చెప్పాలి. ప్రతిభ అనేది విత్తనం వంటిది. నీరు అందిన మడిలో మొలిచినదాన్ని చూపి, ఎండిన మడిలో మొలవని విత్తనాన్ని తాలు అనడం సరికాదు. కాలువ చివరి రైతుకు నీరు అందాలని అంత శ్రద్ధగా పద్ధతులు ఏర్పరచిన మనిషి, చదువు విషయంలో కాలువ చివర ఉన్నవారిని చూడలేకపోయారు. గొప్పవారి జీవితాలు చదివేటప్పుడు ఇటువంటివి దాచిపెట్టకూడదు. నైపుణ్యం ఒకటి, దాన్ని ఎవరి పక్కన నిలబడి వాడుతున్నాం అన్నది మరొకటి. రెండూ కావాలి.

ఖాయిలా కర్మాగారం

రెండవ విరమణ తర్వాత ఆయన ఖాళీగా కూర్చోలేదు. భద్రావతిలో మైసూరు ప్రభుత్వం నెలకొల్పిన ఇనుప కర్మాగారం 1923లో పని ప్రారంభించింది. మొదటినుంచీ నష్టాలే. దాన్ని తలపెట్టినది విశ్వేశ్వరయ్యే గనుక నిందా ఆయన మీదికే వచ్చింది. మహారాజు కోరగా ఆయన ఆ కర్మాగారం పాలకమండలి అధ్యక్షుడై 1929 వరకు ఆ బాధ్యత మోశారు. దివానుగా రాజ్యమంతా ఏలినవాడు అరవై దాటాక ఒక ఖాయిలా కర్మాగారం లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఖర్చు తగ్గించారు. విదేశీ నిపుణుల స్థానంలో స్థానిక యువకులకు శిక్షణ ఇప్పించి నిలబెట్టారు.

ఆ సేవకు తనకు రావలసిన ప్రతిఫలాన్ని ఆయన సొంతానికి వాడుకోలేదు. యువకులకు చేతిపనులు, యంత్రాల పనులు నేర్పే సంస్థకు దాన్ని ఇప్పించారు. 1943లో బెంగళూరులో ఆ సంస్థ మొదలైంది. దానికి తన పేరు పెట్టనివ్వలేదు. మహారాజు జయచామరాజేంద్ర పేరు పెట్టించారు. అరవై ఏళ్లనాడు మైసూరు రైతు శిస్తు ఒక పేద కుర్రవాణ్ణి చదివించింది. అరవై ఏళ్ల తర్వాత ఆ కుర్రవాడు ముసలివాడై మైసూరు కుర్రవాళ్లకు విద్య నేర్పే ఏర్పాటు చేశాడు. అప్పు తీర్చడం అంటే ఇలాగే కదా!

డెబ్భై ఏడేళ్ల వయసులో వరద నేలకు

1937లో ఒరిస్సాను వరదలు ముంచెత్తాయి. మహానది, బ్రాహ్మణి, వైతరణి నదుల డెల్టాలో ఏటా పంటలు, ఇళ్లు కొట్టుకుపోయేవి. గాంధీజీ సూచన మీద అక్కడి ప్రభుత్వం విశ్వేశ్వరయ్య సహాయం కోరింది. యంత్రాల విషయంలో, పెద్ద పరిశ్రమల విషయంలో గాంధీజీకీ ఆయనకూ బొత్తిగా పొసగేది కాదు. అయినా వరదలో మునిగినవారి దగ్గరికి వచ్చేసరికి ఒకరు అడగడానికి, మరొకరు వెళ్లడానికి ఆ భేదం అడ్డు రాలేదు. అప్పటికి ఆయనకు డెబ్భై ఏడేళ్లు. మన ఇళ్లలో ఆ వయసువారిని గడప దాటనివ్వం!

ఆయన ఆ ప్రాంతాన్ని పరిశీలించి నివేదికలు ఇచ్చారు. డెల్టాలో కట్టలు పెంచుకుంటూ పోతే చాలదు, ఎగువన నీటిని నిలువచేసే జలాశయాల కోసం క్షుణ్ణంగా పరిశోధన జరగాలి అన్నది వాటి సారాంశం. హైదరాబాదులో నేర్చిన పాఠమే ఇక్కడ మరింత పెద్ద ఎత్తున అక్కరకు వచ్చింది. ఆ ఆలోచన ముదిరి, ఇతరుల పరిశోధనతో హిరాకుడ్ ఆనకట్టగా రూపుదాల్చింది. 1957 జనవరి 13న నెహ్రూ దాన్ని ప్రారంభించారు. ఆ జలాశయం కింద వందలాది గ్రామాలు మునిగిపోయాయనీ, డెల్టాలోని వారి మేలు కోసం ఎగువవారు నిలువనీడ కోల్పోయారనీ కూడా మనం మరువరాదు. లెక్కలు ఎంత సరిగా ఉన్నా, నష్టపోయేవారి గొంతు వినేవారు పక్కన ఉండాలి. ఇంజినీరుతోపాటు ఉపాధ్యాయుడు, నర్సు, లాయరు కూడా సేవకు ముందుకు రావలసినది అందుకే.

1952లో ఆయనకు తొంభై దాటాయి. బీహారులో గంగానది మీద వంతెన ఎక్కడ కట్టాలన్న విషయంలో వివాదం చెలరేగింది. ఎవరి ప్రాంతానికి వారు కావాలన్నారు. అందరూ నమ్మగల మనిషి కావలసి వచ్చి, కేంద్ర ప్రభుత్వం ఆయనను అడిగింది. కాగితాలు తెప్పించుకుని బెంగళూరులోనే కూర్చుని అభిప్రాయం రాసి పంపితే తప్పు పట్టేవారు ఎవరూ లేరు. కాని ఆయన స్వయంగా వెళ్లి ఆ స్థలాలను చూశారు. చివరకు మొకామా దగ్గర కట్టడం మేలని చెప్పారు. రైలు, రోడ్డు రెండూ పోయే ఆ వంతెన 1959లో ప్రారంభమైంది.

1955లో భారతరత్న ఇచ్చినప్పుడు, ఈ బిరుదు వల్ల తాను ప్రభుత్వాన్ని పొగుడుతాడని ఆశించవద్దని ఆయన ముందే స్పష్టం చేశారని చెబుతారు. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు దాటాక, కన్నుమూశారు. ముద్దెనహళ్లిలోనే అంత్యక్రియలు జరిగాయి.

ఒకరే కాదు

ఇదంతా విశ్వేశ్వరయ్య వంటి మహామహులకే సాధ్యం, మాబోటివారికి ఎక్కడ కుదురుతుంది అని మీలో కొందరు అనుకోవచ్చు. మదురైలో కంటి డాక్టరు గోవిందప్ప వెంకటస్వామి గారి సంగతి చూడండి. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా, కత్తి పట్టడం మళ్లీ నేర్చుకుని ఆపరేషన్లు చేసిన మనిషి. ప్రభుత్వోద్యోగం నుండి యాభై ఎనిమిదేళ్లకు విరమణ పొంది, 1976లో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. డబ్బు ఇవ్వగలవారి దగ్గర తీసుకుని, ఇవ్వలేనివారికి ఉచితంగా చూపు ప్రసాదించే పద్ధతి పెట్టారు. 2006లో ఆయన గతించినా ఆసుపత్రి ఆగలేదు. తిరుపతికి కూడా వచ్చింది. జర్మనీలో 1983 నుండి ఒక సంస్థ రిటైరైన నిపుణులను పేద దేశాలకు పంపి, అక్కడివారికి పని నేర్పిస్తున్నది. వారిలో డాక్టర్లు, ఇంజినీర్లే కాదు, రొట్టెలు కాల్చేవారు, వడ్రంగులు కూడా ఉన్నారు.

అడిగేవారు కావాలి

ప్రియ పాఠకులారా, ఇంతవరకు చెప్పినదాన్ని మరొకసారి నెమరు వేయండి. ఒక్క విషయం మీ దృష్టికి వచ్చి ఉంటుంది. విశ్వేశ్వరయ్యను ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగారు. హైదరాబాదుకు నిజాం పిలిచాడు. భద్రావతికి మహారాజు పిలిచాడు. ఒరిస్సాకు గాంధీజీ మాట కలిపారు. గంగ ఒడ్డుకు ప్రభుత్వం రమ్మంది. అడగకపోతే ఆ నేర్పు ఎంత ఉండీ ఏమి లాభం?

కాబట్టి నేను రెండు వైపుల వారికీ మనవి చేసుకుంటున్నాను.

రిటైరై అనంతపురంలోనో బెంగళూరులోనో ఇల్లు కట్టుకున్న పెద్దలారా, మీ ఊరికి ఈసారి పెళ్లికో, చావుకో వచ్చినప్పుడు ఇంకొక్క పూట ఉండండి. మీరు నీటిపారుదల శాఖలో చేసి ఉంటే ఊరి చెరువు కట్ట మీద నడవండి. ఏ వంకల నీరు వస్తున్నది, ఎక్కడ ఆగిపోతున్నది, తూము కదులుతున్నదా లేదా చూసి కాగితం మీద పెట్టండి. శ్రీశైలం నుండి కృష్ణా నీరు హంద్రీ-నీవా కాలువ వెంట ఎత్తిపోతల మీద ఎక్కి మన మండలంలోని జీడిపల్లి జలాశయం దాకా వచ్చింది. అంత దూరం నీటిని నడిపించిన విద్య, జీడిపల్లి నుండి మన పొలం గట్టు దాకా, మన కుంట దాకా ఎందుకు నడవలేదో చెప్పగలవారు మీరే. నర్సుగా చేసిన తల్లులు నెలకొక ఆదివారం ముసలివారికి రక్తపోటు చూసి, మందులు సరిగా వేసుకుంటున్నారో లేదో కనుక్కోవచ్చు. బ్యాంకులో చేసినవారు రైతు సంతకం పెట్టే కాగితంలో ఏముందో అతనికి చదివి వినిపించవచ్చు. ఉపాధ్యాయులకు పదవ తరగతి లెక్కల్లో తప్పిన పిల్లలు ప్రతి వీధిలోనూ దొరుకుతారు. వెళ్లినప్పుడు ముందు సలహా చెప్పకండి. ముందు చెరువులు లెక్కపెట్టండి. అంటే అక్కడి కష్టం ఏమిటో, ఎవరిదో తెలుసుకోండి.

ఇక ఊళ్లో ఉన్నవారికి ఒక మాట. మన విచారణలో రిటైరైనవారు ఎంతమంది, వారికి ఏ విద్య వచ్చు అన్న పట్టిక మన దగ్గర ఉందా? పండుగ చందాకు వారి తలుపు తడతాం. వారి నేర్పు కోసం ఎన్నడైనా తట్టామా? విరమణ తర్వాత మనిషిని ఎక్కువగా కుంగదీసేది జబ్బు కాదు, తనతో ఇక ఎవరికీ అవసరం లేదన్న తలంపు. ఈ వారమే ఒక కాగితం తీసుకుని, మీ వీధిలో అటువంటివారి పేర్లు రాయండి. ఒకరి ఇంటికి వెళ్లి, ఫలానా పనికి మీ సాయం కావాలని అడగండి. రమ్మంటే ఎన్నడో వచ్చి ఉండేవారమని వారే చెప్పవచ్చు.